తోడు మెలకువ

ఒకటో వారం

ఓడలో మేలుకొని ఉన్న ప్రతివాళ్ళూ వారానికో పేజీ రాయాలని నియమం. రాయకపోతే బుర్ర మొద్దుబారిపోతుందట. ఎవరూ చదవరు కాబట్టి ఇన్నేళ్ళూ నేను "తొట్లు కడిగాను, నారు బాగుంది, తిండి బాగాలేదు" అని మూడు ముక్కలు గీకి పడేసేదాన్ని. ఈ వారం అలా కుదిరేట్టు లేదు.

నిన్న మా ఇంటి పన్ను మదింపు వచ్చింది. మా నాగావళి ఓడలో పన్నంటే మెలకువే. పెద్దవాళ్ళలో ప్రతి ఒక్కరూ పన్నెండేళ్ళు మేలుకొని ఓడ పని చెయ్యాలి. ఒకేసారి కాదు, విడతలు విడతలుగా. అది కట్టేశాక నిద్రపేటికలో పడుకుంటే మళ్ళీ కళ్ళు తెరిచేది ఇంకో నక్షత్రం దగ్గరున్న కొత్త నేల మీదే. దిగడానికి ఇంకా ముప్పై ఏళ్ళ పైమాటే గానీ, పేటికలో ఉన్నవాళ్ళకి వయసు పెరగదు. వాళ్ళకి అదంతా ఒక కునుకు.

మా ఆయన సన్నిబాబు పన్నెండూ కట్టేసి హాయిగా నిద్రపోతున్నాడు. మా పాప చందనకి పన్ను లేదు. మూడేళ్ళు నిండగానే దాన్ని వాళ్ళ నాన్న పక్క పేటికలో పడుకోబెట్టాం. నాకు ఈ విడతతో పన్నెండూ పూర్తవుతాయి. ఇక మిగిలింది మా ఆయన అక్క, నూకరత్నం వదిన. ఆవిడకి తొమ్మిదేళ్ళే జమ అయ్యాయనీ, ఇంకా మూడేళ్ళు కట్టాలనీ మదింపులో ఉంది.

మూడేళ్ళే కదా అని ఊరుకోవడానికి లేదు. డెబ్బై నిండిన ఒంటిని పేటిక తీసుకోదు. మూత పడదు, అంతే. ఎవరిని బతిమాలినా లాభం లేదు. వదినకి ఇరవయ్యో వారంలో డెబ్బై నిండుతాయి. ఈలోగా పడుకోకపోతే ఇంక ఎప్పటికీ పడుకోలేదు. మేమంతా నిద్రలో ఉండగా ఈ ఇనప నడవల్లో ఒక్కతే ముసలిదై, ఒక్కతే పోతుంది. మేం లేచేసరికి వదిన ఉండదు.

ఇంటి రిటర్ను నింపింది నేను. అందులో ఒక ప్రశ్న ఉంది: "తోడు మెలకువలో ఉన్నవారు ఓడ పని ఏమైనా చేశారా?" తోడు మెలకువంటే, ఒకళ్ళు పన్ను కట్టడానికి లేచినప్పుడు ఇంట్లోవాళ్ళలో ఇంకొకళ్ళు ఊరికే తోడుగా లేవడం. అది పన్నులోకి రాదు. మా వైపువాళ్ళకి ఆడపిల్లని ఒంటరిగా పంపే అలవాటు లేదు, ఓడెక్కినా ఆ అలవాటు పోలేదు. నా ప్రతి విడతలోనూ వదిన నాకోసం లేచింది. వండిపెట్టింది. చందనకి పురుడు పోసింది. నేను మంచం మీదున్న రోజుల్లో నా తొట్లు కూడా చూసింది. అంతా చేయించుకొని, ఆ ప్రశ్న దగ్గర నేను "లేదు" అని కొట్టాను. అబద్ధమాడదామని కాదు. ఇంట్లో మనిషి చేసినదాన్ని పని అంటారని నాకు తోచనే లేదు.

అందుకని ఈరోజు సవరణ రిటర్ను వేశాను. నూకరత్నం తోడు మెలకువలో మూడేళ్ళపాటు నారుతొట్ల పని చేసింది, ఆ మూడేళ్ళూ ఆవిడ పన్నులో కలపండి అని.

"ఏటి రాస్తన్నావు అంత దీక్షగా?" అని వెనక నుంచి తొంగి చూసింది వదిన.

"నీ పన్ను తగ్గిస్తున్నా."

"ఊరుకోవే. మూడేళ్ళు మెలకువగా ఉండమంటే నాకేటి కష్టం? ఎలగూ నిద్దరట్టదు నాకు," అని నవ్వింది. ఆవిడకి డెబ్బై సంగతి తెలుసు. తెలిసే నవ్వింది.

రెండో వారం

మా ఓడలో ఏది తెలుసుకోవాలన్నా గోడనే అడగాలి. ఏ గోడనడిగినా ఒకటే గొంతు. పొద్దున్న అడిగాను, "నా సవరణ రిటర్ను స్టేటస్ ఏమిటి?" అని. "ఆ పేరు మీద ఏ సవరణా లేదు," అంది. భోజనానికి ముందు అడిగాను. భోజనమయ్యాక అడిగాను. స్నానాల గదిలో గోడ మర్యాదగా చెబుతుందేమోనని అక్కడా అడిగాను. లేదంటే లేదు.

నా ప్రాణం ఉసూరుమంది. సరిగ్గా వెళ్ళలేదేమో, ఇంకోటి వేసేద్దామని కూర్చున్నాను. నీళ్ళ జల్లెళ్ళ దగ్గర పనిచేసే జోగినాయుడు అటే వచ్చి ఆపాడు. ఆయనది మా పక్క వాటా. ఇలాంటివి మూడు చూసిన అనుభవం.

"ఆ పని సెయ్యకమ్మా, కొంప మునుగుతాది. రెండోది ఏస్తే మొదటిది కూడా దానికోసం ఆగిపోద్ది. మూడు వారాలు కనబడదు, అంతే."

"మామూలు రిటర్ను మర్నాటికే కనబడింది కదండీ?"

"అది యంత్రం నమిలేస్తాది. సవరణంటే అలగ కాదు. ముందు ఓడ మొగదలకి, అదే ముక్కు కాడికి ఎల్లాల, అక్కడ పాత రిటర్ను ఎతికి దానితో జతకట్టాల, అప్పుడు గాని గోడకి తెల్దు. ఆ మీదట మనిషి కూకుని కళ్ళతో సదవాల. ఆ మనిషి మేలుకొనుండాల." ఆయనకి ఆఖరి మాట చెప్పడం భలే సరదాగా ఉంది. "అన్నీ అయ్యేసరికి పదహారు వారాలనుకో."

పదహారు ఇరవై కన్నా తక్కువే. అదొక్కటే నాకు ధైర్యం.

నాలుగో వారం

"చేరింది," అంది గోడ ఈ ఉదయం. ఒక్క మాట. అయినా నేను తొట్ల మధ్య గంతులేశాను.

వదినకి చెబితే, "సేరింది సరే, ఆకు కొయ్యవే, కూరొండాల," అంది. గాలిగొట్టం పొడుగునా ఆవిడ బచ్చలి తీగ పాకించింది. అనుమతి లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళకి వదిన కంద బచ్చలి పెడుతుంది. కంద లేదు, కంద రుచి వచ్చే ఏదో దుంప ముద్ద ఉంది. వాళ్ళు తిని, తీగ కనబడనట్టు వెళ్ళిపోతారు.

నా పని పదహారు నారుతొట్లు. అడుగున పట్టిన పాచి గీకాలి, ఉప్పు చూడాలి, కుళ్ళిన మొలకలు ఏరాలి. ఈ తొట్ల ఆవిరే చందన కడుపులో ఉన్నప్పుడు నాకు పడలేదు. లోపలికి అడుగుపెడితే వాంతులు. పుట్టాక దానికి ఆయాసం, నా బట్టలకి ఆ వాసన ఉంటే చాలు, పిల్ల నీలంగా మారిపోయేది. డాక్టరు తొట్ల వైపు వెళ్ళొద్దన్నాడు. సెలవు పెట్టుకుంటే సెలవే గానీ, ఆ కాలం నా పన్నెండులోకి రాదు. అప్పుడు వదిన నా మెడలోని పని బిళ్ళ తీసి తన మెడలో వేసుకుంది.

"నువ్వు గుంటని సూసుకో. తొట్లకి మాత్రం ఎవురు గీకినారో తెల్సేటి?" అంది.

చందన పేటికలోకి వెళ్ళేదాకా, మూడేళ్ళూ నా బిళ్ళ ఆవిడ మెడలోనే ఉంది. ఈ నడవలో అందరికీ తెలుసు. ఎవరూ తప్పనుకోలేదు. ఒక ఇంటివాళ్ళం, ఇంటి తరఫున ఎవరో ఒకరు వెళుతున్నారు కదా అనుకున్నాం. ఆ రోజుల్లో నేను వదినకి కనీసం కాళ్ళనొప్పులా అని అడిగిన జ్ఞాపకం లేదు. ఈ ముక్క రాస్తుంటే సిగ్గేస్తోంది.

పదకొండో వారం

ఏడు వారాలు "చేరింది" తప్ప ఇంకో మాట లేదు. పన్ను ఆఫీసులో ఉన్న ఒక్క అధికారి విడత అయిపోయి పడుకున్నాడట, తర్వాతి ఆయన లేవడానికి టైము పట్టింది. పేటికలోంచి లేచాక వారం రోజులు చేతులు వణుకుతాయి, అక్షరాలు అలుక్కుపోతాయి. నేను లెక్కలు వేసుకుంటూ, గోర్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. వదినకి నన్ను చూస్తే ఒళ్ళు మండిపోతోంది.

"ఒలే కుసుమా, అడిగిందే అడిగితే గోడకి మాత్రం ఇసుగు రాదేటి? రా, తలంటు పోస్తాను."

తలకి నూనె పెడుతూ కొత్త నేల గురించి అడిగింది. అక్కడ గాలి వీస్తుందట కదా, నిజమేనా అని. ఈవిడ ఓడెక్కేముందు సముద్రం పక్కన పెరిగిన మనిషి. చేపలు ఎండబెట్టిన ఇసక గురించి, చీర కొంగు ఎగిరిపోయేంత గాలి గురించి చందనకి రోజూ చెప్పేది. కొత్త నేల మీద పిల్లని గాలికి ఎదురుగా నిలబెట్టి చూపిస్తానని దానికి మాటిచ్చింది. "చూపిస్తావులే వదినా," అని మాత్రం అన్నాను.

ఈరోజు గోడ మాట మార్చింది. "పరిశీలనలో ఉంది." వెంటనే ఒక కబురు కూడా వచ్చింది. పరిశీలకుడు భానుమూర్తి గారు నూకరత్నం గారితో మాట్లాడాలి. ఒంటరిగా.

పన్నెండో వారం

వదినకి రెండు రోజులు పాఠం చెప్పాను. "ఏం లేదు. తొట్ల పని నేను చేశాను అని చెప్పు. అంతే. ఇంకేం మాట్లాడకు."

"అలగేలే," అంది.

నన్ను తలుపు బయట కూర్చోబెట్టారు. లోపల ఎంతోసేపు పట్టలేదు. వదిన ఇస్త్రీ చీరలో ఎలా వెళ్ళిందో అలాగే బయటికొచ్చింది. ఇంటికి రాగానే కూరకి గిన్నె ఎక్కించింది. పొయ్యి దగ్గర నిలదీశాను.

"ఏం చెప్పావు?"

"అడిగినదానికి సెప్పినాను."

"ఏం అడిగారు?"

"తొట్ల పని సేసినావా అన్నాడు. నానేటీ సెయ్యలేదు బాబూ, మా మరదలికి తోడున్నానంతే అన్నాను."

చేతిలో గరిటె విసిరికొట్టాను. నీకు మతిపోయిందా అన్నాను, నీ పంతం నీదే అన్నాను, ముప్పై ఏళ్ళు ఈ గొట్టాల మధ్య దేవులాడు అన్నాను. పెద్దావిడని అనకూడని మాటలన్నీ అన్నాను. వదిన గరిటె తీసి కడిగింది.

"సందనని ఎత్తుకున్నది పన్ను కోసమని రాయిస్తానేటి నాను?" అంది మెల్లగా.

పొగరు అనుకున్నాను. పాతకాలం మనిషి, ఇంట్లో చేసినదానికి ఫలితం అడగడం నామోషీ అనుకుంటోంది, అంతే అనుకున్నాను. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మాట్లాడకుండా ఆవిడ వండింది తిన్నాను.

పదమూడో వారం

జోగినాయుడు బుజ్జగించాడు. ఆయన్నీ పిలిచి అడిగారట. "ఆ తొట్ల కాడ మూడేళ్ళూ నూకరత్నమ్మే ఉండీది బాబూ అని సెప్పీసినాను. భానుమూర్తి గారు మెత్తటి మనిషి. సాక్షి ఉన్నాడు కదా, సూసుకుంతాడు. నువ్వేటీ బెంగెట్టుకోకు."

కాస్త ఊపిరి వచ్చింది. వదినతో మాట్లాడాను. ఆవిడ ఏమీ జరగనట్టే, "ఉప్పు సరిపోయిందేటి?" అంది.

పదహారో వారం

ముగిసింది! గోడ "ముగిసింది" అంది!

చేతికి పాచి ఉండగానే పరుగెత్తుకెళ్ళి వదినని వాటేసుకున్నాను. "అయిపోయింది వదినా, నీ పన్ను అయిపోయింది, నువ్వు మాతో వస్తున్నావు!" గోడ వెనక నుంచి "వివరాలు చదవమంటారా?" అంటోంది. "వద్దులే తల్లీ, నువ్వు చేసింది చాలు," అన్నాను. ఇంకోసారి అడిగింది. నోరు మూసుకోమన్నాను.

దాచిపెట్టిన బెల్లం గడ్డ తీసి పాయసం కాచాను. నడవలో మేలుకొని ఉన్నవాళ్ళందరికీ పంచాను. నా విడత కూడా అయిపోవచ్చింది కాబట్టి ఇద్దరికీ కలిపి పేటికల గదిలో పంతొమ్మిదో వారానికి తేదీ తీసుకున్నాను. పేర్లు తప్ప ఏమీ అడగలేదు, ఇంకా ముందే ఖాళీ ఉందన్నారు. తొందరేముంది, తొట్లు ఇంకొకరికి అప్పజెప్పాలి, బచ్చలి విత్తనాలు కట్టుకోవాలి అని నేనే వెనక్కి జరిపాను.

వదిన పాయసం తాగి, "బాగుంది, కాసింత పల్చనైంది," అంది. నా మొహంలోకి చూసి తలమీద చెయ్యేసింది. "నువ్వు సంతోషంగా ఉన్నావు కదా. అలగుండు."

పద్దెనిమిదో వారం

వదిన ఒకటే పాట. "ముందు నువ్వు పడుకోవే. నిన్ను పడుకోబెట్టి, ఆ మూలనున్న పేటికలో నాను పడుకుంతాను."

"పెద్దవాళ్ళు ముందు. నువ్వు పడుకున్నాకే నేను."

"సెప్పినమాట ఇనవేటి? నాకు సందన మొకం ఒకపాలి సూసుకోవాల. నువ్వుంటే ఏడుస్తావు. నువ్వు ముందెల్లు."

"ఏడవనులే."

మూడుసార్లు వాదించింది. ఆఖరికి, "నీ మొండితనం మీ అమ్మ దగ్గర్నుంచి వచ్చింది," అని లేచి వెళ్ళిపోయింది. ఈ వయసులో కొత్త భయాలు పట్టుకుంటాయి కాబోలని నవ్వుకున్నాను.

పంతొమ్మిదో వారం

ఈరోజు జరిగింది వరసగా రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కేట్టుంది.

పేటికల గదికి వెళ్ళాం. సన్నిబాబు, చందన పక్కపక్కన ఉన్నారు. చందన బుగ్గమీద వదిన పెట్టిన దిష్టిచుక్క అలాగే ఉంది. వదిన ఆ అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడింది. నేను ఏడవలేదు. తర్వాత నేను బలవంతంగా చెయ్యి పట్టుకొని తీసుకెళితే ఆవిడ పేటికలో పడుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దాను. మూత మీట నొక్కాను.

మూత కదల్లేదు. మళ్ళీ నొక్కాను. "పన్ను పూర్తి కాలేదు. మూడేళ్ళు మిగిలి ఉన్నాయి," అంది గోడ.

పొరపాటు, సవరణ ముగిసింది, చూసుకో అని అరిచాను. "సవరణ ముగిసింది. మార్పు లేదు," అంది. వదిన లేచి కూర్చుంది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు.

కబురు చేస్తే భానుమూర్తి గారే వచ్చారు. సన్నగా, ఇంకా నిద్ర తీరనట్టుండే మనిషి. నన్ను నడవలోకి పిలిచి బెంచీ మీద కూర్చోమన్నారు.

"ముగిసిందంటే మేం చూడటం అయిపోయిందనమ్మా. ఒప్పుకున్నామా, కాదన్నామా అన్నది వివరాల్లో ఉంటుంది. మీరు వినలేదా?"

తల అడ్డంగా ఊపాను.

"మీరు ఆవిడకి అడిగిన మూడేళ్ళూ ఏ తొట్లవి? మీ తొట్లవే. ఏ మూడేళ్ళు? మీ బిళ్ళ మీద మీ పేరుతో జమైన మూడేళ్ళే. ఒకే తొట్లు, ఒకే మూడేళ్ళు. ఇద్దరి పేర్ల మీదా ఎలా రాయమంటారమ్మా?"

ఆయన కోపంగా అనలేదు. నేను ఆయన చెప్పులవైపు చూస్తూ కూర్చున్నాను. ఇన్ని వారాలు వదినకి మూడేళ్ళు కావాలి, కావాలి అని గోల చేశానే గానీ, అవి నా దగ్గర ఉన్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా పన్నెండు నా పన్నెండే అనుకున్నాను.

"పని చేసింది ఆవిడేనని నాకు మొదటిరోజే అర్థమైంది," అన్నారాయన. "అందుకే పిలిపించాను. ఆ పని నాదే అని ఆవిడ ఒక్క మాట అంటే, మీ దాంట్లోంచి తీసి ఆవిడ దాంట్లో వేసేవాణ్ణి. ఆవిడ నన్నొకటే అడిగారు. 'నాను సేసినానంటే మా మరదలికి ఎన్నేళ్ళు తగ్గుతాయి బాబూ?' అని. మూడు అన్నాను. 'అయితే నానేటీ సెయ్యలేదు, రాసుకో' అన్నారు. మూడుసార్లు తిప్పి తిప్పి అడిగాను. ఆ మాట మీదే ఉన్నారు."

పొగరు అనుకున్నాను. గరిటె విసిరాను.

"ఆవిడ ఒప్పుకోకపోయినా మీరు సవరించుకోవచ్చని వివరాల్లో రాశానమ్మా. తనకి నష్టంగా తనే సవరించుకుంటే విచారణ ఉండదు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఓడ మొగదలకి వెళ్ళి రావడానికి మూడు వారాలు, అంతే. పదహారో వారంలో వేసి ఉంటే..."

నేను పాయసం కాచిన వారం అది.

ఇప్పుడు వేస్తే తొందరగా అవదా అని ఆయన చేతులు పట్టుకున్నాను. ఆ మూడు వారాలు తగ్గించడం ఓడలో ఎవరి తరమూ కాదట. పోనీ వదినకి ఒక వారం ఎక్కువైతే ఏమవుతుంది అన్నాను. "పేటిక ఒంటిని చూస్తుందమ్మా, నా కాగితాన్ని చూడదు," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషిని తిట్టుకునే అదృష్టం కూడా నాకు లేకపోయింది.

లోపలికి వెళ్ళేసరికి వదిన నా పేటిక అద్దం కొంగుతో తుడుస్తోంది.

"తెలిసే ఊరుకున్నావా?" అన్నాను. "నేను పాయసం పంచుతుంటే తెలిసే చూస్తూ కూర్చున్నావా?"

"నువ్వు సంతోషంగా పడుకుంతావనుకున్నాను," అంది. "ముందు పడుకోవే అని ఎన్నిసార్లు సెప్పినాను? ఇన్నావు కాదు."

నేను పడుకోలేదు. ఇంటికి రాగానే రెండో సవరణ రిటర్ను వేశాను. "నా పేర ఉన్న పన్నెండేళ్ళలో మూడేళ్ళు నావి కావు. ఆ పని చేసింది నూకరత్నం. నా దాంట్లోంచి తీసేసి ఆవిడకి ఇవ్వండి." రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇరవయ్యో వారం

వదినకి డెబ్బై నిండాయి. జోగినాయుడు పకోడీలు వేయించుకొచ్చాడు. తనిఖీవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వదిన అందరికీ కొసరి కొసరి వడ్డించింది. నేను మంచినీళ్ళు తెస్తానని చెప్పి తొట్ల వెనక్కి పోయి ఏడ్చాను.

ఇరవై రెండో వారం

"ముగిసింది. వివరాలు చదవమంటారా?" అంది గోడ.

"చదువు," అన్నాను. చివరిదాకా విన్నాను. ఒక్క అక్షరం ఆపలేదు. నూకరత్నం, పన్ను పూర్తి, ఇంకేమీ మిగల్లేదు. కుసుమ, తొమ్మిదేళ్ళు జమ, ఇంకా మూడేళ్ళు కట్టాలి. ఆ తర్వాత గోడ తన అలవాటు ప్రకారం, నూకరత్నం గారు ఇక నిద్రకు అర్హులు, కానీ వయసు దాటింది, అని అదే గొంతుతో చెప్పింది.

వదిన అంతా వింది. చేతిలో ఏరుతున్న ఆకు వదిలేసింది. నాకు తెలిసినన్నాళ్ళలో మొదటిసారి నా మీద గట్టిగా అరిచింది.

"ఏటే నువ్వు సేసింది? నాకెలగూ మూత పడదు. పడనిదాని కోసం నీ మూడేళ్ళు తగలెట్టుకున్నావేటి? సందన లేసేసరికి నువ్వెలగుండాల, ఎలగుంటావు! నాకు ఒచ్చిందేటి, నీకు మిగిలిందేటి?"

"ఏమీ మిగల్లేదు. నీది నీకు రాశాను."

"రాస్తే?"

ఆలస్యంగా రాసిన నిజం ఎవరికి పనికొస్తుందో నాకూ తెలియదు. చందన లేచాక అడుగుతుంది, అత్త ఏది, గాలి చూపిస్తానంది కదా అని. అప్పుడు దానికేం చెప్పాలో ఈ మూడేళ్ళలో ఆలోచించుకోవాలి. ఆ తర్వాత నేను పడుకుంటాను. నా మూత వేసేది వదినే. ఆవిడ వెనక్కి తిరిగి ఎవరూ లేని వాటాకి నడిచి వెళుతుంది. ఇది ఎన్ని సవరణలు వేసినా మారదు.

వదిన కోపం చల్లారింది. కింద పడిన ఆకు ఏరుకుంటూ, "పోనీలే," అంది. "అయితే మూడేళ్ళు నాకు తోడుంటావన్నమాట."

"తోడు కాదు వదినా," అన్నాను. "నా పని నేను చేసుకుంటున్నాను."

ఆ మాట ఒకటో వారంలో అని ఉంటే, ఈపాటికి వదిన చందన పక్కన నిద్రపోతూ ఉండేది.